టైంటేబుల్ గల్లంతుపై ఏకసభ్య విచారణ

10 అక్టోబరు 2011, సోమవారం

కరెంటు పోయింది. ఫైలు పోయింది. రెండింటికీ సంబంధం ఉన్నట్లు ప్రాథమికంగా నిర్ధారించడమైనది.

11 అక్టోబరు, మంగళవారం

నిన్నటి నమోదు మరీ క్లుప్తంగా ఉంది. ఉస్మానియాలో పాలనాశాస్త్రం ఎం.ఏ. చదివినవాడు తన కోసమే రాసుకుంటున్నా సరే, వాస్తవాలను క్రమపద్ధతిలో పెట్టుకోవాలి.

విషయం: పాఠశాల టైంటేబుల్ ఫైలు గల్లంతు.
సూచిక: లేదు. ఉన్న సూచికలన్నీ ఆ ఫైలులోనే ఉన్నాయి.

సకల జనుల సమ్మె మొదలై నాలుగు వారాలు. బస్సులు లేవు. బొగ్గు లేదు కనుక కరెంటు లేదు. పిల్లలు రారు కనుక బడి లేదు. పోయిన రోజులకు బదులుగా రెండో శనివారాలూ కొన్ని ఆదివారాలూ పనిచేయాలని మా కరస్పాండెంటు బ్రహ్మం గారు నిశ్చయించారు. అందుకు కొత్త టైంటేబుల్ కావాలి. పదకొండేళ్ళుగా టైంటేబుల్ ఇన్‌చార్జిగా ఉన్న సాంఘికశాస్త్ర ఉపాధ్యాయుడు చక్రపాణికి, అనగా నాకు, ఆ పని అప్పగించబడింది.

నిన్న ఉదయం కొత్తపేటలోని ఇంటి నుంచి దిల్‌సుఖ్‌నగర్‌లోని బడికి నడిచి వెళ్ళాను. నడక ఆరోగ్యానికి మంచిదని సమ్మె మొదటి వారంలోనే తీర్మానించుకుని ఉన్నాను. కంప్యూటర్ గదిలో టైంటేబుల్ సాఫ్ట్‌వేర్ తెరిచాను. పద్నాలుగు సెక్షన్లు, వారానికి ఆరు రోజులు, రోజుకు ఎనిమిది పీరియడ్లు. వెరసి ఆరువందల డెబ్బై రెండు గళ్ళు. పంతొమ్మిది మంది ఉపాధ్యాయుల్లో ఏ ఒక్కరూ ఒకే సమయంలో రెండు తరగతుల్లో లేకుండా, ఏ తరగతీ అనాథగా మిగలకుండా అమర్చిన గళ్ళు. జూన్‌లో వాటికి నాకు పదిహేడు రోజులు పట్టింది.

కొత్తది మొదలుపెట్టే నిమిత్తం పాత గళ్ళన్నీ ఖాళీ చేశాను. ఖాళీ గళ్ళు చూడటానికి ఎంతో హాయిగా ఉన్నాయి. ఎవరూ ఏ ఫిర్యాదూ చేయని టైంటేబుల్‌ను పదకొండేళ్ళలో మొదటిసారి చూశాను. తరువాత కరెంటు పోయింది. వచ్చాక చూస్తే పాత టైంటేబుల్ ఉండవలసిన ఫైలులోనూ ఖాళీ గళ్ళే ఉన్నాయి.

గళ్ళు ఖాళీ కావడానికీ కరెంటు పోవడానికీ మధ్య నేను ఏం చేశానన్నది అప్రస్తుతం.

ఈ రోజు రజితను పిలిపించాను. మా కంప్యూటర్ టీచర్. పుట్టింది పోచంపల్లి నేత కుటుంబంలో, ఉంటున్నది అల్మాస్‌గూడలో. ఉదయం ఎల్‌బీ నగర్ చౌరస్తాలో ధర్నా, మధ్యాహ్నం బడిలో విధులు. రెండు చోట్లా హాజరు సక్రమంగానే ఉంది.

"సార్, పరేషాన్ గాకున్రి," అంది. "మనం సేవ్ కొట్టినప్పుడల్లా అంతకుముందున్నది పోదు. బ్యాకప్ అని పక్కకు పోయి కూసుంటది. గది తెరిస్తే మన పాత టైంటేబుల్ వచ్చేస్తది."

తెరిచాం. అందులోనూ ఆరువందల డెబ్బై రెండు ఖాళీ గళ్ళు.

రజిత కాసేపు తెర వైపు చూసింది. తరువాత నా వైపు చూసింది. "గిట్ల ఎట్లయితది సార్? ఒక్కసారి ఖాళీది సేవ్ అయితే ఫైలే పోవాలె. బ్యాకప్ ఎందుకు పోతది?"

"కరెంటు," అన్నాను.

"కరెంటా?"

"కరెంటు ఏమైనా చేస్తుందమ్మా."

"అవు సార్," అంది. ఆ మాటలో అంగీకారం పాళ్ళు ఎంతో తేల్చడం సాధ్యపడలేదు.

12 అక్టోబరు, బుధవారం

ప్రత్యామ్నాయ ఆధారాల సేకరణ జరిపాను.

మొదటి ఆధారం గోడప్రతి. స్టాఫ్‌రూమ్ గోడకు అంటించిన టైంటేబుల్ ఏమైందని ఆలోచించగా, దసరా సెలవులకు ముందురోజు ఆయుధపూజ సందర్భంగా దాన్ని దించి, చింపి, పులిహోర పొట్లాలు కట్టినట్లు జ్ఞాపకం వచ్చింది. కాగితం మందంగా ఉండటం దాని దురదృష్టం. నాకు వచ్చిన పొట్లం మీద బుధవారం పీరియడ్లు ఉన్నాయి. పులిహోర బాగుంది.

రెండో ఆధారం సిబ్బంది జ్ఞాపకశక్తి. ఫోన్లు చేసి ఒక్కొక్కరినీ ఎవరి పీరియడ్లు వారిని చెప్పమన్నాను. అందరూ ఉత్సాహంగా సహకరించారు. వారు చెప్పినవన్నీ కలిపి కాగితం మీద వేస్తే, మా పాఠశాలలో సోమవారం మొదటి పీరియడ్ పదకొండు మందికి విశ్రాంతి అనీ, శనివారం ఎనిమిదో పీరియడ్ ఎవరూ ఏ తరగతికీ పాఠం చెప్పరనీ తేలింది.

లెక్కల టీచర్ సీతారాములు గారైతే, "శనివారం ఎనిమిదోదా? నాకా? నాకు గసుంటిది కలల గూడ రాలే సార్!" అన్నారు. ఆయనకు నాలుగేళ్ళుగా శనివారం ఎనిమిదో పీరియడ్ ఆరవ తరగతి బి సెక్షన్ ఉంది. నాకు రూఢిగా తెలుసు. ఇచ్చింది నేనే.

నా జ్ఞాపకం ప్రకారం ఆ పీరియడ్ నాకూ లేదు. నా విషయంలో అది వాస్తవం.

మధ్యాహ్నం బ్రహ్మం గారు పిలిచారు. ఆయనా పోచంపల్లి వారే. మొదట చీరల దుకాణం, తరువాత పాఠశాల. రెండింటిలోనూ సరుకు గోడకు వేలాడదీసి చూపించాలన్నది ఆయన సిద్ధాంతం.

"సారూ, ఇరువై తారీఖు బేస్తారం బడి తెరుస్తున్న. టైంటేబుల్ గోడ మీద ఉండాలె. పంతొమ్మిది మంది టీచర్లు వరండాల నిలబడి 'నాది ఏ క్లాసు, నాది ఏ క్లాసు' అంటే పిల్లల తల్లిదండ్రుల ముంగట నా ఇజ్జత్ ఏంగావాలె?"

"చూస్తున్నామండీ."

"గిది ఎవలు జేసిన్రు?"

"కరెంటండీ."

"కరెంటును నేను ఎట్ల సస్పెండ్ జేస్త సారూ? నాకు మనిషి పేరు గావాలె. ఇయ్యాల పేరు తెల్వకుంటే రేపు మళ్ళ పోతది. మీరు పెద్దోళ్ళు, చదువుకున్నోళ్ళు. మీరే ఎంక్వైరీ జేసి రాసియ్యున్రి. ఇరువై నాడు పొద్దుగాల నా టేబుల్ మీద పేరు ఉండాలె. లేకుంటే కంప్యూటర్ ఎవల చేతుల ఉంది? రజిత మేడం చేతులనే గద! గామె పేరే రాసుకుంట. దండం పెట్టి పంపుత. చాక్‌పీస్‌తోని రాసుకుంటే ఏ కరెంటు ఏం జేస్తది?"

నేను ఏమీ అనలేదు. ఏమీ అనకపోవడం అభ్యంతరం లేకపోవడంగా నమోదైనట్లుంది. ఆయన తృప్తిగా తలాడించారు.

ఆ విధంగా ఏకసభ్య విచారణ సంఘం ఏర్పాటైంది. రాష్ట్రంలో ఇది కమిటీల కాలం. మా బడి వెనకబడలేదు.

13 అక్టోబరు, గురువారం

విచారణ సంఘం మొదటి సమావేశం మా ఇంటి వరండాలో జరిగింది. ఛైర్మన్ సాక్షిని ప్రశ్నించారు. ఇద్దరూ ఒకే కుర్చీలో కూర్చున్నందున గోప్యత పాటించడం సులువైంది.

సాక్షి చెప్పినది: పదో తేదీన ఫైలు ఖాళీ చేసిన తరువాత తాను "సేవ్" నొక్కి ఉండవచ్చు. కొత్త పేరు పెట్టి నొక్కాలన్న ఉద్దేశం సంపూర్ణంగా ఉంది. ఉద్దేశం ఉన్నప్పుడు పేరు పెట్టినట్లే భావించాలి.

ఎన్నిసార్లు నొక్కారు అన్న ప్రశ్నకు సాక్షి టీ అడిగాడు.

టీ తెచ్చిన నా భార్య ఇందిరాదేవి, పిలవకుండానే వాంగ్మూలం ఇచ్చింది. "గ్యాస్ కట్టేశామా లేదా అని నాలుగుసార్లు చూసొస్తారు. తాళం వేసి మూడుసార్లు లాగుతారు. పోయిన నెల అలా లాగితే గొళ్ళెం ఊడి చేతికొచ్చింది, వడ్రంగి వచ్చేదాకా నేను తలుపుకి అడ్డంగా కూర్చున్నాను. అలాంటి మనిషి ఆ కంప్యూటర్లో ఒక్కసారి నొక్కి ఊరుకున్నారంటే నేను నమ్మనండీ."

"సేవ్ అనేది జాగ్రత్త, ఇందిరా. జాగ్రత్త ఎన్నిసార్లయినా పడవచ్చు."

"అయితే ఎన్నిసార్లు పడ్డారు?"

కుటుంబ సభ్యుల సాక్ష్యాన్ని పరిగణనలోకి తీసుకోరాదని తీర్మానించి సమావేశం ముగించడమైనది.

14 అక్టోబరు, శుక్రవారం

పొద్దున్నే రజిత ఫోన్. వెనక డప్పులు.

"సార్, యాదికొచ్చింది! పూజ నాడు టైంటేబుల్ కాపీ నా పెన్‌డ్రైవ్‌ల ఏసి పళ్ళెంల పెట్టిన! అందరు ఎవల ఆయుధం వాళ్ళు పెడుతున్నరు గద, నాదేంది అని చూస్కుంటే పెన్‌డ్రైవే కనవడ్డది. ఒట్టిది పెడితే ఏం బాగుంటది అని టైంటేబుల్ ఏసిన!"

మా బడిలో ఆయుధపూజ ఆచారం ఇది: ఎవరి పనిముట్టు వారే పళ్ళెంలో పెట్టాలి. గంట కొట్టే సుత్తి, లెక్కల వారి వృత్తలేఖిని, డ్రిల్లు మాస్టారు ఈల, మా ఆయా అండాలమ్మ చీపురు, నా ఎర్రకలం, ఈసారి రజిత పెన్‌డ్రైవ్. పూజ కాగానే అన్నీ ఎర్రగుడ్డలో మూట కడతారు. విజయదశమినాడు ఎవరిది వారు తీసుకుని దానితో కొంచెం పని చేయాలి. ఈ ఏడు విజయదశమి సమ్మెలో వచ్చింది. ఎవరూ రాలేదు. మూట విప్పలేదు.

మూట బడిలో లేదు. తాళం వేసిన గదిలో దీపం పెట్టే దిక్కుండదని అండాలమ్మ దాన్ని తుర్కయంజాల్‌లోని తన ఇంటికి తీసుకుపోయిందని వాచ్‌మన్ చెప్పాడు.

కాబట్టి పాఠశాల అధికారిక బ్యాకప్ ప్రస్తుతం తుర్కయంజాల్‌లో, నిత్యదీపారాధనతో, క్షేమంగా ఉన్నట్లు భావిస్తున్నాను. ఫైలు దొరికితే పేరు అవసరం ఉండకపోవచ్చునని కూడా భావిస్తున్నాను.

15 అక్టోబరు, శనివారం

బ్రహ్మం గారు ఫోన్ చేసి, ఫైలు దొరికినా పేరు కావాలన్నారు. భావన ఉపసంహరించుకోవడమైనది.

ఎల్‌బీ నగర్ నుంచి సాగర్ రోడ్డు మీద ఏడు సీట్ల ఆటోలో, పదమూడో వాడిగా, తుర్కయంజాల్ వెళ్ళాను. ఒక కాలు ఆటోలో, ఒక కాలు రంగారెడ్డి జిల్లాలో.

అండాలమ్మ వాకిట్లో కందులు చెరుగుతోంది. మూట ఇంట్లో దేవుడి గూట్లో, వేంకటేశ్వరస్వామి పటం కింద ఉంది. ముందు దీపం.

"అండాలమ్మా, రజితమ్మ పెన్‌డ్రైవ్ ఇందులో ఉంది. తీసుకుపోతాను."

"గామె రావాలె సారు."

"నేను ఆమెకే ఇస్తాను."

"ఎవలు పెట్టింది వాళ్ళే ఎత్తాలె. పరాయి చెయ్యి తాకితే గా ఆయుధం పనిజెయ్యది."

"ఇది ఆయుధం కాదమ్మా. పెన్‌డ్రైవ్. కంప్యూటర్‌కు పెడతారు."

"ఆయుధం గాకుంటే పళ్ళెంల ఎందుకు పెట్టిన్రు?"

నేను మూట వైపు ఒక అడుగు వేశాను.

"మీది తీస్కోన్రి," అని ఆమె మూట విప్పి, కుంకుమబొట్టుతో ఉన్న నా ఎర్రకలాన్ని చూపించింది. పెన్‌డ్రైవ్ దాని పక్కనే, పసుపులో సగం మునిగి, నా చేతికి జానెడు దూరంలో ఉంది. అండాలమ్మ నా చేతినే చూస్తోంది. కలం ఒక్కటే తీసుకున్నాను.

"జర ఆగున్రి సారు. పూజల్నుంచి లేపిన కలంతోని మొదటి రాత నిజం రాయాలె. మా అత్త చెప్తుండె. అబద్ధం రాసిన్రనుకో, ఏడాది పొడుగూత గా కలం గదే రాస్తది."

"అలాగేనమ్మా."

"నవ్వకున్రి. మా ఆడబిడ్డ మొగడు పట్టించుకోక రాసిండు. ఇప్పటికీ గాయన రాసింది ఎవ్వలు నమ్మరు."

తిరుగు ప్రయాణంలో కలం జేబులో ఉంది. బరువు పెరిగినట్లు అనిపించడం అశాస్త్రీయం.

16 అక్టోబరు, ఆదివారం

రజిత తన స్కూటీ మీద వచ్చింది. నేను వెనక కూర్చున్నాను. ఈ వయసులో ఈ ప్రయాణం సముచితమా అని ఇందిరాదేవిని అడిగితే, "మీరు నడపనంతవరకూ సముచితమే" అంది.

ఎల్‌బీ నగర్ చౌరస్తాలో రాస్తారోకో. రోడ్డు మీద వంట జరుగుతోంది. ఒక యువకుడు స్కూటీ ఆపాడు.

"ఏ ఊరు పెద్దమనిషీ?"

"కొత్తపేట," అన్నాను.

"గంతకుముందు?"

"తెనాలి."

అబద్ధం చెప్పవచ్చు. కానీ మాట్లాడటం మొదలుపెట్టిన రెండో అక్షరానికే నాది ఏ జిల్లానో చిన్నపిల్లలు కూడా చెప్పగలరు.

"మా సార్ తమ్మీ," అంది రజిత. "బడి పని మీద పోతున్నం. జర తొవ్వియ్యున్రి."

"మీ సార్ ఒక్కసారి జై తెలంగాణ అంటే పంపుతం అక్కా."

పాలనాపరమైన ఆవశ్యకత దృష్ట్యా "జై తెలంగాణ" అన్నాను. వినబడిందో లేదోనని మళ్ళీ ఒకసారి, కొంచెం గట్టిగా, అన్నాను. చుట్టూ చప్పట్లు. ఎవరో విస్తరాకులో వేడివేడి కిచిడీ పెట్టి చేతిలో ఉంచారు. తెనాలి వారు కిచిడీని జ్వరం వచ్చినప్పుడే తింటారు. ఇది మాత్రం చాలా బాగుంది.

చౌరస్తా దాటాక రజిత భుజాలు కదులుతున్నాయి. ఏడుస్తోందేమో అనుకున్నాను. నవ్వుతోంది.

"మీకు అన్నీ రెండుసార్లేనా సార్?"

"అంటే?"

"ఒక్కసారే అనుమన్నడు వాడు. మీరు రెండుసార్లన్నరు. ఒకటి ఫైలుకు, ఒకటి బ్యాకప్‌కు!"

నేను రోడ్డు పక్కన బోర్డులు చదవసాగాను.

"మొన్ననే చూసిన సార్," అంది ఆమె ముందుకే చూస్తూ. "ఫైల్ సేవ్ అయింది పదకొండు నలభై రెండుకు. మళ్ళ సేవ్ అయింది పదకొండు నలభై మూడుకు. మొదటి దెబ్బకు పాతది పోయి బ్యాకప్‌ల కూసుంది. రెండో దెబ్బకు ఖాళీది పోయి దాన్ని నూకేసి గదే కూసుంది. కరెంటు పోయింది పన్నెండుకు. మా గల్లీల గూడ గప్పుడే పోయింది."

బి.ఎన్. రెడ్డి నగర్ వచ్చాక అడిగాను.

"బ్రహ్మం గారికి ఎందుకు చెప్పలేదమ్మా?"

"మీరే చెప్తరని."

"చెప్పకపోతే?"

"నేను చెప్తే ఆంధ్ర సార్‌ను ఇరికిచ్చింది అంటరు. చెప్పకుంటే నా నౌకరి పోతది. గీ ముచ్చటను మీ టైంటేబుల్ల ఏ గడిల పెట్టాలె సార్?"

 తుర్కయంజాల్ చేరాం.

అండాలమ్మ రజితకు బొట్టు పెట్టి, మూట ముందు కూర్చోబెట్టి, పెన్‌డ్రైవ్ ఎత్తించింది. "ఇగ పో బిడ్డ. మంచిగ పనిజేస్తది." తరువాత నా వైపు తిరిగింది. "రాసిన్రా సారు?"

"ఇంకా లేదు."

"తొందర లేదు తియ్యున్రి. నిజం ఏడికి పోతది?"

17 అక్టోబరు, సోమవారం

పెన్‌డ్రైవ్ మూతిలో పసుపు. కంప్యూటర్ దాన్ని గుర్తించలేదు. రజిత పెన్సిల్ రబ్బరుతో రుద్దింది, ఊదింది, మళ్ళీ పెట్టింది. గుర్తించలేదు. మూడోసారి గుర్తించింది. సెప్టెంబరు ఇరవై మూడు నాటి టైంటేబుల్ తెరుచుకుంది. ఆరువందల డెబ్బై రెండు గళ్ళు, అన్నీ నిండుగా. పసుపు కుంకుమలతో కాపురానికి తిరిగి వచ్చిన ఫైలును పాలనాశాస్త్రం ఎక్కడా వర్ణించలేదు. బడి ఆనాటి నుంచీ మూతపడే ఉంది కనుక పోయిన మార్పు ఒక్కటీ లేదు.

నా చేయి దానంతటదే సేవ్ వైపు పోయింది.

"సార్. చెయ్యి."

చేయి జేబులో పెట్టుకున్నాను. రజిత ముందు ఆ ఫైలును తారీఖుతో ఒక పేరు పెట్టి వేరే చోట దాచింది. ఇంకో కాపీ తన దగ్గర పెట్టుకుంది. మూడోది సీడీలో వేసి బ్రహ్మం గారి బీరువాకు పంపింది. ఆ తరువాతే కొత్త టైంటేబుల్‌కు కొత్త పేరు పెట్టి, ఒక్కసారి, సేవ్ చేసింది. ఇది ఒక్క పూటలో నేర్చుకోవచ్చు. నాకు పదకొండేళ్ళు చాలలేదు.

లేచేముందు ఆమె శనివారం ఎనిమిదో పీరియడ్ వరస మీద వేలు పెట్టి, పైనుంచి కిందికి మెల్లగా జరిపింది. పద్నాలుగు సెక్షన్లు, పద్నాలుగు పేర్లు.

"గిందుల మీ పేరు కనవడ్తలేదు సార్."

"యాదృచ్ఛికం."

"పోయినేడు కూడ?"

"యాదృచ్ఛికాలు ఏటా వస్తుంటాయమ్మా."

18 అక్టోబరు, మంగళవారం

విచారణ నివేదిక ముసాయిదా. నీలికలంతో. "పరిస్థితుల సమష్టి ప్రభావం వలన, ఏ ఒక్కరినీ ప్రత్యేకంగా బాధ్యులుగా పేర్కొనజాలని విధంగా..."

వాక్యం బాగుంది. ఇటువంటి వాక్యాల మీద రాష్ట్రాలు నడుస్తాయి. కానీ ఇందులో పేరు లేదు. పేరు లేకపోతే బ్రహ్మం గారు ఆ ఖాళీలో ఎవరి పేరు నింపుతారో తెలుసు.

ఎర్రకలం జేబులోనే ఉంది.

19 అక్టోబరు, బుధవారం

ఉదయం: ఎర్రకలం వాడి తీరాలన్న నిబంధన ఎక్కడా లేదు.

మధ్యాహ్నం: పరీక్ష పేపర్లు దిద్దడానికి ఏడాది పొడుగునా దాన్నే వాడాలి. నూటికి ఎనభై రెండు అని రాస్తే ఎవరూ నమ్మని పరిస్థితి వస్తే విద్యారంగానికి నష్టం.

సాయంత్రం నాలుగు గంటలకు, ఇందిరాదేవి సమక్షంలో, ఎర్రకలంతో:

"విచారణలో తేలినది: ఫైలును ఖాళీ చేసినది, కొత్త పేరు పెట్టకుండా సేవ్ చేసినది, జాగ్రత్త నిమిత్తం రెండోసారి సేవ్ చేసి బ్యాకప్‌ను కూడా నాశనం చేసినది, ఆపై కరెంటును నిందించినది, కంప్యూటర్ టీచర్ ఉద్యోగానికి ముప్పు ఉందని తెలిసీ వారం రోజులు మౌనం వహించినది ఒకే వ్యక్తి. పేరు: చక్రపాణి. హోదా: టైంటేబుల్ ఇన్‌చార్జి మరియు విచారణ సంఘం ఛైర్మన్. ఫైలును కాపాడినది: కుమారి రజిత, శ్రీమతి అండాలమ్మ."

ఇందిరాదేవి రెండుసార్లు చదివింది. మా ఇంట్లో ఆ అలవాటు అంటుకున్నట్లుంది. "అక్షరాలు కుదురుగా ఉన్నాయండీ," అంది.  రాత్రి వంకాయకూర చేసింది.

20 అక్టోబరు, గురువారం

బడి తెరిచారు. నివేదిక సమర్పించాను. బ్రహ్మం గారు నిలబడి చదవడం మొదలుపెట్టి, మధ్యలో కూర్చుని, చివర్లో కళ్ళద్దాలు తీశారు.

"సారూ! ఎంక్వైరీ జేసినోడే దొంగ అని తేలిన ఎంక్వైరీ నా బతుకుల గిదే మొదటిది!" నవ్వీ నవ్వీ ఆయనకు దగ్గు వచ్చింది. నీళ్ళు తాగి గంభీరంగా మారారు. "గని, వారం దినాలు గా పిల్ల నౌకరి మీద కూసున్నరు మీరు. గది మంచిగ లేదు."

"లేదండీ."

"చెప్పున్రి, ఏం శిక్ష ఏద్దాం?"

తగు శిక్షను సిఫారసు చేసే అధికారం విచారణ సంఘానికి ఇవ్వబడలేదని మనవి చేశాను.

"అయితే నేనే ఏస్త. ఇయ్యాల్టి నుంచి టైంటేబుల్ రజిత మేడం జేస్తది. మీరు పదకొండేండ్లు జేసిన్రు, ఇగ జర ఆరాం జెయ్యున్రి."

రజితను పిలిచి చెప్పారు. ఆమె నా వైపు చూసి, "సార్, మీకు మంచిగ జూస్త," అంది. ఆ హామీ వివరాలు అడగలేదు.

మధ్యాహ్నానికల్లా కొత్త టైంటేబుల్ గోడ మీదకు వచ్చింది. పల్చటి కాగితం. పొట్లాలకు పనికిరాదు. పంతొమ్మిది మంది గోడ ముందు మూగారు. సీతారాములు గారు ఒక గడి దగ్గర చాలాసేపు నిలబడి, కళ్ళద్దాలు తుడుచుకుని, మళ్ళీ చూసి, "సార్, గిది కలనా?" అని నన్నే అడిగారు.

22 అక్టోబరు, శనివారం

ఎనిమిదో పీరియడ్. ఆరవ తరగతి బి. నేను.

సీతారాములు గారు ఏడో పీరియడ్ కాగానే ఇంటికి బయలుదేరారు. వెళ్ళేముందు మా కిటికీ దగ్గర ఆగి చేయి ఊపారు. రెండుసార్లు.

యాభై రెండు మంది పిల్లలు. అందరి సంచులూ అప్పటికే భుజాలకు ఉన్నాయి. రాష్ట్ర పటం గీయించడం మొదలుపెట్టాను. ముందు బెంచీలో ఉన్న సింధూర అనే అమ్మాయి చేయి ఎత్తింది.

"సార్, రాష్ట్రం రెండయితే మళ్ళా గీయాలా?"

"అయితే ఏంది, గిది చెరిపేసి గీస్తం!" అని వెనక నుంచి ఎవరో.

"చెరపవద్దు," అన్నాను. నా గొంతు అనుకున్నదానికంటే గట్టిగా వచ్చింది. "ఏది గీసినా కొత్త కాగితం తీసుకోండి. పాతది దాచుకోండి."

 ఆ వెనక బెంచీయే, "సార్, గంట ఎప్పుడు గొడ్తరు?" అంది.

నా గడియారం చూసుకున్నాను. మళ్ళీ చూసుకున్నాను. వరండాలో అండాలమ్మ సుత్తి పట్టుకుని, గంట పక్కన, ఏ తొందరా లేకుండా కూర్చుని ఉంది.

ఎనిమిదో పీరియడ్ నిడివి నలభై నిమిషాలని పదకొండేళ్ళుగా నేనే ప్రకటిస్తూ వచ్చాను. క్షేత్రస్థాయి పరిశీలనలో ఇది సరికాదని తేలినది.